ఫీడర్ డీసీ మోటారు రెండు గంటలు బాగా తిరిగి ఉన్నట్టుండి ఫుల్ స్పీడ్ అందుకుంటోంది. బోర్డు పోయినట్టేనా?

కారంమిల్లు_శీను
గుంటూరులో మాదొక చిన్న కారం మిల్లు. తొడిమ తీసిన కాయని హాపర్‌లోంచి పొడి కొట్టే పల్వరైజర్‌లోకి తోసే స్క్రూ ఫీడర్ ఉంది. దానికి 1 హెచ్‌పీ డీసీ మోటారు, దాని స్పీడు మార్చడానికి సింగిల్ ఫేజ్ థైరిస్టర్ (ఎలక్ట్రానిక్ స్విచ్) డ్రైవ్. బోర్డు అంటున్నది దీన్నే. మోటారు ప్లేటు మీద ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) 180 వోల్టులు, 5.2 ఆంప్స్, ఫీల్డ్ (చుట్టూ కదలకుండా ఉండే అయస్కాంతపు కాయిల్) 220 వోల్టులు, 1500 ఆర్‌పీఎం అని ఉంది. నాన్న హయాంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది.

పొద్దున ఆన్ చేస్తే గంటన్నర, రెండు గంటలు బుద్ధిగా తిరుగుతుంది. ఆ తర్వాత పాట్ (స్పీడు పెంచే నాబ్) ముట్టుకోకపోయినా స్పీడు ఊగడం మొదలవుతుంది. ఇంకో పది నిమిషాలకి ఒక్కసారిగా ఫుల్ స్పీడ్. కాయంతా పల్వరైజర్ మీద పడి అది చోక్ అయ్యి, ఓవర్‌లోడ్ రిలే కొట్టేస్తుంది. ఈ నెలలో డ్రైవ్ ఫ్యూజు కూడా రెండుసార్లు పోయింది. అరగంట ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు మామూలుగా తిరుగుతుంది.

మెకానిక్ వచ్చి మూత తీసి, వాసన చూసి, "బోర్డు పోయింది, 14 వేలు" అన్నాడు. మా మిల్లులో ఏది వాసన చూసినా కారం వాసనే వస్తుంది, అందులో ఆయనకి ఏం తెలిసిందో. సీజన్ మధ్యలో ఉన్నా. డబ్బు పెట్టే ముందు ఇంకేమైనా చూడాలా?

తెనాలి_వైండింగ్
కార్బన్లు (ఆర్మేచర్‌కి కరెంటు అందించే బ్రష్‌లు) చూడు. డీసీ మోటారులో పదికి తొమ్మిది కంప్లైంట్లు కార్బన్లే.

మంగళగిరి_మధు
మెకానిక్ మూత తీసి వాసన చూశాక తుమ్మకుండా బయటికి వచ్చాడా? వస్తే ఆయన మామూలు మనిషి కాదు, ఆయన చెప్పింది నమ్మెయ్.

వీఎఫ్‌డీ_వాసు
ఈ రోజుల్లో ఇంకా డీసీ మోటారేంటి బ్రదర్. 1 హెచ్‌పీ ఇండక్షన్ మోటారు, దాని స్పీడు మార్చే వీఎఫ్‌డీ ఒకటి కొనుక్కో. కార్బన్లు ఉండవు, అవి రాసుకునే కమ్యుటేటర్ ఉండదు, టెన్షన్ ఉండదు.

ఆటోనగర్_బాబాయ్
శీనూ, తొందరపడి బోర్డు కొనకు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్ళుగా ప్యానెళ్ళు, డ్రైవ్‌లు బాగు చేస్తున్నా. "బోర్డు పోయింది" అని నా దగ్గరికి తెచ్చిన వాటిలో సగం బోర్డులు బాగానే ఉంటాయి. ముందు కొన్ని సంగతులు చెప్పు.

మోటారు వెనకవైపు చిన్న మోటారు లాంటిది ఇంకోటి తగిలించి ఉందా, దానిలోంచి రెండు సన్నటి వైర్లు డ్రైవ్‌లోకి వస్తున్నాయా? ఫుల్ స్పీడ్ అందుకున్నాక పాట్ సున్నాకి తిప్పితే ఆగుతోందా, లేక పాట్‌ని లెక్కచేయకుండా తిరుగుతోందా? ఫ్యూజు స్థానంలో ఇప్పుడు ఏం పెట్టావు? ఇది అడగడానికి నాకే భయంగా ఉంది.

పాత_ఫోర్‌మన్
నా అనుమానం ఫీల్డ్ మీద. ఫీల్డ్ కాయిల్ వేడెక్కాక లోపల ఎక్కడో తెగి, చల్లారాక మళ్ళీ అతుక్కుంటోంది. ఇలాంటి మోటారుకి ఫీల్డ్ పోతే స్పీడు ఆకాశానికి పోతుంది. మా స్పిన్నింగ్ మిల్లులో అలా ఒక మోటారు అరుపు విని నేను బ్రేకర్ దగ్గరికి పరిగెత్తిన పరుగు ఈ మోకాళ్ళతో ఇప్పుడు పరిగెత్తలేను. అది చేతికి అందేలోపే ఆర్మేచర్ వైండింగ్ లేచిపోయి బయటికి వచ్చేసింది.

సోల్డర్_సునీత
ఫోర్‌మన్ గారూ, మీరు చెప్పింది లోడు లేని మోటారు సంగతి. లోడు మీద ఉన్న మోటారుకి ఫీల్డ్ పోతే టార్క్ సరిపోక నీరసపడుతుంది, ఆంప్స్ మాత్రం విపరీతంగా లాగుతుంది. ఫీల్డ్ బలహీనపడితే బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటారు తనే ఎదురు పుట్టించే వోల్టేజీ) తగ్గుతుంది కాబట్టి కరెంటు పెరగక తప్పదు. ఫీడర్ నిండా కాయ ఉండి కూడా మోటారు హుషారుగా ఫుల్ స్పీడ్ తిరుగుతోందంటే ఫీల్డ్ ఉన్నట్టే అనిపిస్తోంది నాకు.

పాత_ఫోర్‌మన్
అనిపించడం కాదమ్మా, కొలిచి చూడమను.

సోల్డర్_సునీత
దానికి ఎదురు లేదండి. కొలవమనే నా మాట కూడా.

కారంమిల్లు_శీను
బాబాయ్, మోటారు వెనక చిన్నది ఉంది. స్పీడుని బట్టి వోల్టులు పుట్టించే దాన్నే టాకో అంటారని ఇప్పుడే తెలిసింది. దాని ప్లేటు మీద 1000 ఆర్‌పీఎంకి 60 వోల్టులు అని ఉంది. ఫుల్ స్పీడ్ అందుకున్నాక పాట్ తగ్గించినా లెక్కచేయదు. మరీ సున్నాకి తెస్తేనే ఆగుతుంది.

కార్బన్లు తీసి చూశా. సగానికి పైగా ఉన్నాయి, స్ప్రింగులు గట్టిగానే ఉన్నాయి. కమ్యుటేటర్ చాక్లెట్ రంగులో ఉంది.

ఫీల్డ్ వైర్లు విప్పి మీటరుతో చూస్తే పొద్దున చల్లగా ఉన్నప్పుడు 560 ఓమ్‌లు. మధ్యాహ్నం గొడవ మొదలయ్యాక మెయిన్ ఆపి వెంటనే చూస్తే 650.

ఫ్యూజు సంగతి... మా ఆపరేటర్ రాగి తీగ చుట్టాడు. రెండు పోగులే అంటున్నాడు.

ఆటోనగర్_బాబాయ్
అనుకున్నా.

సోల్డర్_సునీత
రెండు పోగులైనా, ఇరవై పోగులైనా అది కరిగేలోపు థైరిస్టర్ పోతుంది. థైరిస్టర్‌ని కాపాడటానికే సెమీకండక్టర్ ఫ్యూజులని వేరే ఉంటాయి, మామూలు వాటికంటే చాలా త్వరగా తెగుతాయి. ఇవాళే తీగ తీసేయించండి. ఇన్నాళ్ళూ థైరిస్టర్ బతికి ఉందంటే మీ ఇంట్లోవాళ్ళు ఎవరో గట్టిగా దీపం పెడుతున్నారు.

తెనాలి_వైండింగ్
కమ్యుటేటర్ చాక్లెట్ రంగులో ఉంటే మంచిదే, దాన్ని ఎమరీ పేపరుతో రుద్దకు. చాలామంది మెరవాలని రుద్దేసి చెడగొడతారు. నల్లగా కాలిపోయి, ముక్కకీ ముక్కకీ మధ్య మైకా పైకి లేస్తేనే లేత్ మీదికి తేవాలి. ఫీల్డ్ కూడా పర్వాలేదు. రాగి వేడెక్కితే ఓమ్‌లు ఆ మాత్రం పెరుగుతాయి. తెగితే మీటరు ఏమీ చూపించదు.

అయినా కార్బన్లు ఒకసారి మార్చి చూడు.

మంగళగిరి_మధు
ఈయన ఇంట్లో ఫ్యాన్ తిరక్కపోయినా కార్బన్లే మారుస్తాడు.

పాత_ఫోర్‌మన్
650 అంటే ఫీల్డ్ తెగలేదు. నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ మీటరు పెట్టింది మోటారు ఆపాక కదా. తిరిగేటప్పుడు వైబ్రేషన్‌కి టెర్మినల్ వదులై ఊడుతూ అతుక్కుంటూ ఉండొచ్చు. ఫీల్డ్‌లో ఆంప్ మీటరు సీరీస్‌లో పెట్టి తిరిగేటప్పుడు కూడా చూడు బాబూ. సుమారు మూడో వంతు ఆంప్ స్థిరంగా కనపడాలి. మళ్ళీ చెప్తున్నా, నడుస్తుండగా ఫీల్డ్ వైరు విప్పొద్దు. మెయిన్ ఆపాకే మీటరు తగిలించు.

డిప్లొమా_కుర్రాడు
అన్నా, మా కాలేజీ ల్యాబ్ నుంచి ఆసిలోస్కోప్ తేనా? థైరిస్టర్లని ఆన్ చేసే ఫైరింగ్ పల్సులు చూసేయొచ్చు.

ఆటోనగర్_బాబాయ్
తమ్ముడూ, ఆ పని మాత్రం చేయకు. ఈ సింగిల్ ఫేజ్ చిన్న డ్రైవ్‌లలో చాలావాటికి ఐసొలేషన్ ఉండదు. బోర్డులో జీరో వోల్ట్ అని రాసిన పాయింటు ఎర్త్ కాదు, అది నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. ఆసిలోస్కోప్ ప్రోబ్‌కి ఉన్న మొసలి క్లిప్పు లోపల ఎర్త్‌తో కలిసే ఉంటుంది. ఆ రెండూ ముట్టించావంటే దీపావళే. నాకు 2009లో అదే జరిగింది. క్లిప్పు పళ్ళు బోర్డుకే అతుక్కుపోయాయి, ఆ బోర్డు ఇప్పటికీ షాపులో గోడకి వేలాడదీశా, కొత్త కుర్రాళ్ళకి చూపించడానికి.

పాట్ వైర్లూ, టాకో వైర్లూ కూడా షాక్ కొడతాయి. పది వోల్టులే కదా అని ఒక చేత్తో పాట్ టెర్మినల్, ఇంకో చేత్తో ప్యానెల్ డోర్ పట్టుకున్నవాళ్ళని చూశా.

డిప్లొమా_కుర్రాడు
తేను అన్నా 🙏

ఆటోనగర్_బాబాయ్
శీనూ, ఇక అసలు పని. మోటారుని పక్కన పెట్టి బోర్డుని ఒంటరిగా పరీక్ష చేద్దాం. మెయిన్ ఆపి ఆర్మేచర్ వైర్లు రెండూ డ్రైవ్ నుంచి విప్పు. వాటి చోట 200 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టు. ఫీల్డ్ వైర్లు అలాగే ఉంచు, కొన్ని డ్రైవ్‌లు ఫీల్డ్ లేకపోతే ట్రిప్ అవుతాయి. ఇప్పుడు ఆన్ చేసి పాట్ నెమ్మదిగా పెంచు. బల్బు వెలుతురు కూడా మెల్లగా పెరగాలి, తగ్గిస్తే తగ్గాలి. సగం దగ్గర ఆపితే వణకకుండా నిలబడాలి. ఒక థైరిస్టర్ ఆన్ కాకపోతే బల్బు సగం వెలుతురు దాటదు, మిణుకు మిణుకుమంటుంది. థైరిస్టర్ షార్ట్ అయితే ఫ్యూజే నిలవదు.

ఒక్క జాగ్రత్త. మోటారు తిరగనప్పుడు దాని ఫ్యాన్ కూడా తిరగదు. ఫీల్డ్ వేసి గంటల తరబడి వదిలేయకు, కాలిపోతుంది. అరగంటలో తేల్చేసుకో.

కారంమిల్లు_శీను
ఎల్ఈడీ బల్బు పెట్టొచ్చా? ఫిలమెంట్ బల్బులు బ్రాడీపేటలో మూడు షాపులు అడిగా, పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు.

ఆటోనగర్_బాబాయ్
ఎల్ఈడీ పనికిరాదు. దానిలో సర్క్యూట్ ఉంటుంది, ఏది చూపించినా నమ్మలేం. కోళ్ళఫారాలకి సామాను అమ్మే షాపులో అడుగు. కోడిపిల్లలకి వేడి కోసం పెట్టే బల్బులు 100, 200 వాట్లవి దొరుకుతాయి.

మంగళగిరి_మధు
మిర్చి యార్డు నుంచి కోళ్ళఫారానికి. ఇంకో రెండు పోస్టులైతే చేపల చెరువు దగ్గరికి చేరతాం.

డిప్లొమా_కుర్రాడు
బల్బు ఎందుకన్నా, అవుట్‌పుట్ దగ్గర మీటరు పెడితే వోల్టులు కనిపిస్తాయి కదా?

సోల్డర్_సునీత
మీటరు లాగే కరెంటు లెక్కలోది కాదు తమ్ముడూ. థైరిస్టర్‌కి గేటులో పల్సు ఇస్తే ఆన్ అవుతుంది గానీ, ఆన్‌లో నిలబడాలంటే దానిలోంచి కనీసం కొంత కరెంటు పోవాలి. లాచింగ్ కరెంటు అని మీ పుస్తకంలో ఉంటుంది చూడు. లోడు లేకుండా మీటరు పెడితే అడ్డదిడ్డంగా చూపిస్తుంది, అది చూసి మంచి బోర్డుని కూడా చెత్తబుట్టలో వేస్తారు.

డిప్లొమా_కుర్రాడు
అక్కా, ఇది పరీక్షలో రాశా, ఐదు మార్కులు. ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమైంది.

కారంమిల్లు_శీను
తీగ తీసేసి, సరైన 10 ఆంప్ ఫ్యూజు వేసి, బల్బు పెట్టి చూశా. అయిపోయింది బాబాయ్, బోర్డు నిజంగానే పోయింది. పాట్ కొంచెం అంటే కొంచెం కదిపానో లేదో బల్బు ఒక్కసారిగా ఫుల్ వెలుగు. మధ్యలో ఎక్కడా ఆగట్లేదు. సున్నా, లేకపోతే ఫుల్. వోల్టులు చూస్తే 205.

మెకానిక్‌కి ఫోన్ చేయమంటారా?

వీఎఫ్‌డీ_వాసు
నేను మొదట్లోనే చెప్పా. ఆ 14 వేలు పెట్టే బదులు ఇండక్షన్ మోటారు, వీఎఫ్‌డీ రెండూ వచ్చేస్తాయి.

తెనాలి_వైండింగ్
ఈసారి మాత్రం కార్బన్లు అనను.

పాత_ఫోర్‌మన్
ఆగండి ఆగండి. ఎవరూ ఫోన్ చేయొద్దు. బాబూ శీనూ, టాకో వైర్లు డ్రైవ్‌కి తగిలించే ఉన్నాయా?

కారంమిల్లు_శీను
ఉన్నాయండి. ఆర్మేచర్ వైర్లు మాత్రమే విప్పమన్నారు కదా.

పాత_ఫోర్‌మన్
అదీ సంగతి. నీ బోర్డు చేయాల్సిన పనే చేసింది. నువ్వు పాట్‌తో "ఇంత స్పీడు కావాలి" అన్నావు. డ్రైవ్ టాకోని "ఎంత తిరుగుతున్నాం?" అని అడిగింది. మోటారు ఆగి ఉంది కాబట్టి టాకో "సున్నా" అంది. ఇంకా పెంచింది. మళ్ళీ సున్నా. ఇంకా పెంచింది. చివరికి ఉన్నదంతా ఇచ్చేసింది. బల్బుకి టాకో లేదు మరి, అది ఎంత వెలిగినా డ్రైవ్‌కి ఎలా తెలుస్తుంది?

బోర్డు మీద ఎక్కడో చిన్న జంపరో, స్విచ్చో ఉంటుంది, టాకో ఫీడ్‌బ్యాక్, ఆర్మేచర్ ఫీడ్‌బ్యాక్ అని. దాన్ని ఆర్మేచర్ వైపు మార్చి మళ్ళీ చెయ్యి. అప్పుడు డ్రైవ్ తన అవుట్‌పుట్ వోల్టేజీని చూసుకుని సర్దుకుంటుంది.

ఆటోనగర్_బాబాయ్
తప్పు నాది శీనూ. టాకో ఉందని నువ్వు చెప్పాక కూడా జంపర్ మాట మర్చిపోయా. షాపులో చెయ్యి దానంతటదే జంపర్ మీదికి వెళ్ళిపోతుంది, రాసేటప్పుడు గుర్తు రాలేదు. ఫోర్‌మన్ గారికి దండం.

సోల్డర్_సునీత
ఇంకో సంగతి గమనించారా? బల్బు చేసిన పని, మిల్లులో మోటారు మధ్యాహ్నం చేస్తున్న పని ఒకటే. టాకో వైపు నుంచి సిగ్నల్ రాకపోతే ఫుల్ అవుట్‌పుట్, పాట్ తగ్గించినా లెక్కచేయదు, మరీ సున్నాకి తెస్తేనే ఆగుతుంది. శీను గారు తనకి తెలియకుండానే ఆ ఫాల్ట్‌ని టేబుల్ మీద తయారుచేసి చూపించారు.

మంగళగిరి_మధు
ఇప్పుడు కథ బాగుంది. నేను పాప్‌కార్న్... వద్దులే, మిర్చి బజ్జీలు తెచ్చుకుంటా.

కారంమిల్లు_శీను
జంపర్ దొరికింది. మార్చి పెడితే బల్బు పాట్ చెప్పినట్టు వింటోంది! కొంచెం తిప్పితే ఎర్రగా, సగానికి తిప్పితే పసుపుగా, వణుకు లేదు. బోర్డు వేడెక్కితే ఏమైనా తేడా వస్తుందేమోనని మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఐదు నిమిషాలు దాని మీద ఊదా. ఏమీ తేడా లేదు.

హెయిర్ డ్రయ్యర్ మాత్రం ఇక ఇంట్లోకి రానివ్వనంది. తల ఆరబెట్టుకుంటే కళ్ళు మండుతున్నాయట.

ఆటోనగర్_బాబాయ్
బోర్డు బాగుంది. 14 వేలు జేబులో ఉంచుకో. ఇప్పుడు మోటారు మళ్ళీ తగిలించి, జంపర్ ఆర్మేచర్ వైపే ఉంచి ఒక రోజు నడిపి చూడు. లోడు పడినప్పుడు స్పీడు కొంచెం తగ్గుతుంది, కంగారు పడకు. బోర్డు మీద ఐఆర్ కాంప్ అని ఒక ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) ఉంటుంది, కొంచెం పెంచితే సర్దుకుంటుంది. మరీ పెంచావంటే మోటారు ఉయ్యాల ఊగుతుంది. ఊగగానే కొద్దిగా వెనక్కి తిప్పు.

పటమట_జిమ్
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా జిమ్‌లో ట్రెడ్‌మిల్ కూడా డీసీ మోటారే, 180 వోల్టులు. బెల్టు మీద మనిషి అడుగు పెట్టగానే ఆగి ఆగి కదులుతోంది, మనిషి దిగితే బాగానే తిరుగుతోంది. ఇది కూడా టాకోనా?

తెనాలి_వైండింగ్
ఇది కార్బన్లే. దేవుడి మీద ఒట్టు.

సోల్డర్_సునీత
ముందు బెల్టు కింద పలక మీద చెయ్యి పెట్టి చూడండి. పలక ఎండిపోయి సిలికాన్ ఆయిల్ లేకపోతే మనిషి బరువుకి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కంట్రోలర్ లిమిట్‌లోకి వెళ్ళిపోతుంది. దాని తర్వాత కార్బన్లు కూడా చూడండి, తెనాలి వారి ఒట్టు కోసమైనా.

పటమట_జిమ్
పలక బోసిగా ఉంది మేడమ్, ఎప్పుడు ఆయిల్ వేశామో గుర్తు లేదు. వేసి చెప్తా.

కారంమిల్లు_శీను
నిన్న, ఇవాళ ఆర్మేచర్ ఫీడ్‌బ్యాక్ మీద నడిపా. పొద్దున ఎనిమిదికి వేస్తే సాయంత్రం ఆరు దాకా ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. కాయ ఎక్కువ పడినప్పుడు కాస్త నీరసిస్తుంది, అంతే. ఫోర్‌మన్ గారు చెప్పినట్టు ఫీల్డ్‌లో ఆంప్ మీటరు కూడా పెట్టా, రోజంతా మూడో వంతు ఆంప్ ప్రాంతంలోనే ఉంది, ఎక్కడా ఊడలేదు.

మధ్యాహ్నం రెండింటికి మాత్రం టాప్ స్పీడు రాలేదు. పాట్ ఎంత తిప్పినా 1400 దగ్గర ఆగిపోయింది.

సోల్డర్_సునీత
అది ఫాల్ట్ కాదు. ఆ టైముకి మీ లైన్ వోల్టేజీ ఎంత ఉంది? సింగిల్ ఫేజ్ డ్రైవ్ ఎంత తెరిచినా లైన్ వోల్టులకి 0.9 వంతే డీసీ ఇస్తుంది. 230 ఉంటే 207. అదే 190కి పడిపోతే 171, ఇక 180 ఎక్కడి నుంచి తెస్తుంది?

కారంమిల్లు_శీను
చూశా, 188. మా వీధి మొత్తం మిల్లులే మరి.

ఆటోనగర్_బాబాయ్
ఇప్పుడు దొంగ ఎక్కడున్నాడో చూద్దాం. జంపర్ మళ్ళీ టాకో వైపు మార్చు. రెండు మీటర్లు పెట్టు, ఒకటి ఆర్మేచర్ మీద, ఒకటి టాకో మీద. 800 ఆర్‌పీఎం దగ్గర నడుపు. టాకో 48, ఆర్మేచర్ 95 ప్రాంతంలో ఉండాలి. గొడవ మొదలయ్యేటప్పుడు రెండూ ఎటు పోతున్నాయో రాసుకో. కాయ లేకుండా ఖాళీగా నడుపు, పల్వరైజర్ బతికి పోతుంది.

డిప్లొమా_కుర్రాడు
టాకో వోల్టులు తగ్గిపోతూ కనిపిస్తాయి కదా అన్నా?

ఆటోనగర్_బాబాయ్
చూద్దాం ఏం కనిపిస్తాయో. నేను చెప్పేస్తే నువ్వు అదే చూస్తావు.

కారంమిల్లు_శీను
రాసుకున్నది ఉన్నదున్నట్టు పెడుతున్నా.

11:10 టాకో 48, ఆర్మేచర్ 94.
12:00 టాకో 48, ఆర్మేచర్ 95.
12:25 టాకో 48, ఆర్మేచర్ 108. చెవికి స్పీడు పెరిగినట్టే ఉంది.
12:31 టాకో 47 నుంచి 49 మధ్య ఆడుతోంది, ఆర్మేచర్ 110 నుంచి 140.
12:36 టాకో 6, ఆర్మేచర్ 190. ఆపేశా.

మొదట స్పీడు పెరుగుతుంటే టాకో మాత్రం 48 దగ్గరే ఎలా ఉంది? నాకు అర్థం కాలేదు.

సోల్డర్_సునీత
అసలు కిటుకు అక్కడే ఉంది. డ్రైవ్ పని టాకోని 48 దగ్గర నిలబెట్టడం. మోటారు 900 తిరుగుతున్నా టాకో 800 మాత్రమే తిరుగుతుంటే డ్రైవ్‌కి 48 కనిపిస్తుంది, అంతా బాగుందనుకుంటుంది. ఖాళీ ఫీడర్‌కి 95 వోల్టుల నుంచి 108కి పోవాల్సిన అవసరం లేదు. అంటే టాకో మోటారుతో సమానంగా తిరగట్లేదు, ఎక్కడో జారుతోంది. వైరు తెగి ఉంటే ఇలా మెల్లగా పాకదు, ఒక్క దెబ్బకి సున్నా అవుతుంది. టాకో మూత విప్పి, రెండు షాఫ్టుల్ని కలిపే కప్లింగ్ చూడండి.

పాత_ఫోర్‌మన్
నాదీ అదే మాట. కప్లింగ్, లేకపోతే దాన్ని షాఫ్టుకి బిగించే గ్రబ్ స్క్రూ.

తెనాలి_వైండింగ్
టాకోకి కూడా కార్బన్లు ఉంటాయి. ఊరికే చెప్తున్నా.

కారంమిల్లు_శీను
మూత విప్పా. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

మోటారు షాఫ్టుకీ టాకో షాఫ్టుకీ మధ్య కప్లింగే లేదు. దాని చోట రెండంగుళాల పెట్రోల్ ట్యూబు ముక్క ఉంది. మోపెడ్‌కి వాడే పచ్చ ట్యూబు. అటొక చుట్టు, ఇటొక చుట్టు బైండింగ్ తీగ బిగించారు. మోటారు వైపు తీగ బాగానే ఉంది. టాకో వైపు తీగ వదులై ట్యూబు మీద గాడి పడింది. ట్యూబు లోపల వేలు పెడితే జిడ్డు. బేరింగ్ గ్రీజు, కారం కలిసి ఎర్రటి పేస్టు. చల్లగా ఉన్నప్పుడు టాకో షాఫ్టుని చేత్తో పట్టుకుని మోటారు తిప్పితే గట్టిగా పట్టుకునే ఉంది. ట్యూబుని వేడినీళ్ళలో రెండు నిమిషాలు ముంచి మళ్ళీ ఎక్కిస్తే రెండు వేళ్ళతో ఆపేయగలుగుతున్నా.

ఆ వేలితో కన్ను నలుపుకున్నా. ఈ పోస్టు ఒక కంటితో టైపు చేస్తున్నా.

మంగళగిరి_మధు
14 వేల బోర్డు, 20 రూపాయల ట్యూబు.

ఆటోనగర్_బాబాయ్
రెండు గంటలు ఎందుకు పడుతోందో తెలిసింది కదా. మోటారు వెనక బేరింగ్ వేడెక్కి, ఆ వేడి ట్యూబుకి పాకి, మెత్తబడి, గ్రీజు కరిగి జారడానికి అంత టైము పడుతోంది. ఎవరు పెట్టారో గానీ ట్యూబు ఆలోచన మరీ తీసిపారేయాల్సింది కాదు. టాకో కప్లింగ్ కాస్త మెత్తగా వంగేలా ఉండాలి, రెండు షాఫ్టులు వెంట్రుకవాసి అటూ ఇటూ ఉన్నా సర్దుకోవాలి. కాకపోతే జారకూడదు. చిన్న అల్యూమినియం ఫ్లెక్సిబుల్ కప్లింగ్ వెయ్యి, రెండు వైపులా గ్రబ్ స్క్రూ ఉంటుంది. షాఫ్టు సైజులు వెర్నియర్‌తో కొలుచుకుని వెళ్ళు.

వీఎఫ్‌డీ_వాసు
సరే ఒప్పుకుంటున్నా, బోర్డు బాగుంది. కానీ వీఎఫ్‌డీలో ఈ టాకో బాధే ఉండేది కాదు. ఇది కాదనగలరా?

పాత_ఫోర్‌మన్
కాదనను బాబూ. కొత్తగా మిల్లు పెట్టేవాడు నన్ను అడిగితే నేనూ ఇండక్షన్ మోటారే చెప్తా. కానీ సీజన్ నడుస్తుండగా గేర్‌బాక్స్ ఫ్లాంజి, షాఫ్టు సైజు, ప్యానెల్ వైరింగ్ అన్నీ మార్చుకుంటూ కూర్చుంటే కాయ ఎవరు ఆడతారు? పైగా తక్కువ స్పీడులో నడిపితే ఇండక్షన్ మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, దానికి విడిగా బ్లోయర్ పెట్టుకోవాలి.

కారంమిల్లు_శీను
మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తారు కదా, అప్పుడు ఆలోచిస్తా వాసు గారూ. బాబాయ్, ఫ్యూజు ఎందుకు పోయిందో ఇంకా తేలలేదు. టాకో జారితే ఫ్యూజు పోతుందా?

ఆటోనగర్_బాబాయ్
టాకో జారినంత మాత్రాన పోకూడదు. పరుగెత్తిన స్క్రూ కాయతో బిగుసుకుపోతే ఆంప్స్ పెరుగుతాయి, అక్కడ డ్రైవ్‌లో ఉండే కరెంట్ లిమిట్ ఆపాలి. ఆ ప్రీసెట్ ఎక్కడుందో చూడు. కుడివైపు చివరిదాకా తిప్పేసి ఉంటే నాకు ఫోటో కూడా అక్కర్లేదు.

కారంమిల్లు_శీను
చివరిదాకా తిప్పేసే ఉంది. స్క్రూ మీద ఉన్న లక్క సీలు కూడా పగలగొట్టారు.

ఆటోనగర్_బాబాయ్
ఎవరో "ట్రిప్ అవుతోంది" అంటే ఇంకెవరో తిప్పేశారు. నీ మోటారు 5.2 ఆంప్స్. లిమిట్ దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 7.8 దగ్గర పెట్టు. ఆర్మేచర్‌లో డీసీ ఆంప్ మీటరు పెట్టి, ప్రీసెట్ పూర్తిగా తగ్గించి, షాఫ్టు కదలకుండా బిగించి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ రా. ఒక్కో విడత రెండు మూడు సెకన్లే. ఎక్కువసేపు ఉంచితే కార్బన్ల కింద కమ్యుటేటర్ ఒకే చోట కాలిపోయి మచ్చ పడుతుంది. చేతకాకపోతే తెలిసినవాణ్ణి పిలు, ఇందులో సిగ్గేం లేదు.

సోల్డర్_సునీత
పనిలో పనిగా మోటారుకి మెగ్గర్ (500 వోల్టులతో ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి. లోపల కార్బన్ పొడికి కారం పొడి తోడై ఉంటుంది, అది ఎర్త్‌కి దారి చూపించినా ఫ్యూజు పోతుంది. మెగ్గర్ పెట్టే ముందు మోటారు వైర్లన్నీ డ్రైవ్ నుంచి విప్పేయాలి. 500 వోల్టులు బోర్డులోకి పోతే అప్పుడు మెకానిక్ మాటే నిజమవుతుంది.

కారంమిల్లు_శీను
మెగ్గర్ పెట్టించా. బ్లోయర్‌తో ఊదకముందు 0.8 మెగ్ ఓమ్, ఊది, రెండు గంటలు ఎండలో పెట్టాక 20 దాటింది. ఊదినప్పుడు బయటికి వచ్చింది చూస్తే అర కిలో కారం ప్యాకెట్ కట్టొచ్చు.

కప్లింగ్ విజయవాడ నుంచి తెప్పించి వేశా. కరెంట్ లిమిట్ మా వీధి చివర మోటారు రిపేర్ ఆయన్ని పిలిచి 7.8కి పెట్టించా. టాకో ఫీడ్‌బ్యాక్ మీదే ఇవాళ్టికి నాలుగో రోజు, తేజా కాయ ఆడుతున్నా, టాకో 48, ఆర్మేచర్ 95 నుంచి 103. కాయ పడినప్పుడు పెరుగుతుంది, తగ్గినప్పుడు దిగుతుంది.

పటమట_జిమ్
సిలికాన్ ఆయిల్ వేశాక ట్రెడ్‌మిల్ సగం బాగయింది. మిగతా సగం కోసం మోటారు విప్పితే ఒక కార్బన్ అరిగిపోయి స్ప్రింగే కమ్యుటేటర్‌కి తగులుతోంది.

తెనాలి_వైండింగ్
🙂

మంగళగిరి_మధు
అయిపోయింది. ఇక ఈయన్ని పట్టుకోలేం.

డిప్లొమా_కుర్రాడు
శీను అన్నా, ఆ ట్యూబు ముక్క పారేయకు. బాబాయ్ గోడ మీద ఆ కాలిన బోర్డు పక్కన వేలాడదీద్దాం.

కారంమిల్లు_శీను
ఆల్రెడీ పోయింది తమ్ముడూ. మా ఆపరేటర్ దాన్ని తన బండికి వేసుకున్నాడు.